స్టెతస్కోపుకు మంద గుర్తు

హైదరాబాదు,
1961 జులై 3

దొడ్లపాడు గాలయ్య తాతకు, పక్కన కూర్చొని వింటున్న సైదమ్మ అవ్వకు నర్సుల హాస్టలు నుంచి అండాలు పెట్టే దండాలు.

నేను బాగున్న. అన్నం బాగుంది. పప్పు సంగతి అడగకు, అందులో పప్పు ఎక్కడుందో నాకూ తెలవదు. మూడో ఏడు చదువు మొదలైంది.

తాతా, ఒక చిక్కు వచ్చింది. మా మేట్రనమ్మ ఉంది కదా, దవాఖానలో నర్సులందరికీ పెద్ద, మా హాస్టలుకు కూడా ఆమే పెద్ద. రాజమండ్రి దిక్కు మనిషి. మొన్న మూడో ఏడు పిల్లలం ఇరవై ఇద్దరినీ వరుసగా నిలబెట్టి చెప్పింది. దసరాకు ముందు పరీక్ష ఉంది. అందులో రోగి రక్తపోటు చూసి చెప్పాలి. ఎవరి స్టెతస్కోపుతో వాళ్ళే చూడాలి. సొంతది లేనివాళ్ళు ఆరు నెలలు ఆగాలి. వార్డులో ఉన్నవి రెండే. వాటిని డాక్టర్లు మెడలో వేసుకొని టీ తాగడానికి పోతారు, మళ్ళీ మేము వాటిని చూసేది మరునాడే.

స్టెతస్కోపంటే నువ్వు నకిరేకల్ డాక్టరు మెడలో చూసిందే. రెండు కొసలు మన చెవుల్లో పెట్టుకొని మూడో కొస రోగి రొమ్ము మీద పెడితే గుండె చప్పుడు వినిపిస్తుంది. నువ్వు గొర్రె డొక్కకు చెవి ఆనించి వింటవు చూడు, అదే పని. మనిషి మీద చెవి ఆనిస్తే బాగుండదని ఇది కనిపెట్టినట్టున్నారు. దుకాణంలో రెండు మూడు రకాలున్నాయట. ఎట్లా ఎంచాలో నాకు తెలవదు. మన వాడకట్టులో ఏ జీవం కొన్నా నిన్ను అడగకుండా కొనరు, అందుకే నిన్ను అడుగుతున్న.

ఆరు నెలలు ఆగాల్సి వస్తే నాయిన నన్ను ఇంటికి పిలిపిస్తాడు. పిలిపిస్తే మళ్ళీ పంపడు. ఈ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇట్లు,
పరీక్ష తలుచుకొని గోళ్ళు కొరుకుతున్న నీ మనుమరాలు,
అండాలు

తా.క. మగవాళ్ళ రొమ్ము మీద కూడా పెట్టాల్సి ఉంటుంది. ఈ ముక్క మాత్రం అవ్వకు చదివి వినిపించకు.


దొడ్లపాడు,
జులై 10

మనుమరాలు అండాలుకు తాత గాలయ్య దీవించి రాసేది.

ఈడ మనుషులం మంచిగున్నం, గొర్రెలు సుత మంచిగున్నయి. వానలు పడ్డయి, గడ్డి లేసింది. మీ నాయిన కొత్త దొడ్డికి కంప కొడుతుండు.

నీ ఉత్తరం అందింది. ఎప్పటి తీరుగనే అరుగు మీద కూసొని గట్టిగ చదివిన. కింది దాక చదివినంక ఎరుకైంది, ఆఖరు ముక్క చదవొద్దని. చదవొద్దన్న మాట ముందుగాల రాయాలె గాని ఎనుక రాస్తే ఏం లాభం బిడ్డా? అప్పటికే మీ అవ్వ విన్నది. ఎదురింటి బిక్షమ్మ విన్నది. చేదబావి కాడ ఉన్నోళ్ళు సుత విన్నరు. మీ అవ్వ రెండు రోజులు నా దిక్కు చూడలే. మూడో నాడు వచ్చి, "అంగీ మీదికెళ్ళి వినపడదా?" అని అడిగింది. నువ్వే జవాబు రాయి, నాతోని కాదు.

ఇగ ఎంచే సంగతి. సంగపోళ్ళ రాత్రి బడిల నాలుగు అక్షరాలు నేర్చుకున్న గాని స్టెతస్కోపు సంగతి వాళ్ళు చెప్పలే. అయినా జీవమైనా సామానైనా ఎంచేది ఒక్కటే తీరు. చిట్యాల అంగడిల పొట్టేలును ఎట్ల ఎంచుతనో గట్లనే ఎంచు. దుకాణపాయన ముందుగాల చూపిచ్చేది కొనకు, అది ఎవ్వరు కొననిది. నచ్చినా నచ్చినట్టు మొకం పెట్టకు. నోరు తెరిపిచ్చి చూడు. నడిపిచ్చి చూడు. ఇంతకు ముందు ఎవరి కాడ ఉండె, వాళ్ళెందుకు వదులుకున్నరో అడుగు. ఇంకొకటి, ఒక్కదానివే పోకు. వెంబడి ఒక మనిషిని తీసుకపో. బేరం నడుస్తాంటే ఆ మనిషి "వద్దు, ఇది బాగలే, పోదాం పా" అనుకుంట నీ కొంగు గుంజాలె. కొంగు గుంజే మనిషి లేకుండ నేను ఇంతవరకు ఒక్క గొర్రెపిల్లను సుత కొనలే.

పైకానికి ఫికర్ చెయ్యకు. కొమ్ములు తిరిగిన పొట్టేలును అమ్మి మనియార్డరు చేసిన. అది నన్ను రెండు సార్లు పొడిసింది, పోతే పోనీ. మీ నాయినకు ఆరు నెలల మాట చెప్పలే. ఆయనకు ఒక సాకు దొరికితే చాలు.

ఇట్లు,
మందకు ముందర, మీ అవ్వకు ఎనుక నడిచే మీ తాత,
గాలయ్య

తా.క. మగోళ్ళ గుండె చప్పుడు వింటే వాళ్ళ మనసుల ఏమున్నదో తెలుస్తదా అని బిక్షమ్మ అడుగుతాంది. తెలిసేటట్టయితే ఆమె మొగన్ని రేపటి బస్సుకే ఎక్కిస్తదట.


హైదరాబాదు,
జులై 24

కొమ్ముల పొట్టేలును నా కోసం వదులుకున్న తాతకు అండాలు దండం. అవ్వకు రెండు దండాలు, ఒకటి క్షమాపణకు.

అంగీ మీద నుంచి సరిగ్గా వినిపించదు అవ్వా. కానీ పక్కన ఇంకో నర్సు ఎప్పుడూ ఉంటుంది. నువ్వు ఫికర్ పెట్టుకోకు.

తాతా, స్టెతస్కోపు కొన్న! నువ్వు చెప్పిన ఒక్క మాట తప్పలేదు. కొంగు గుంజడానికి నా పక్క మంచం యాదలక్ష్మిని తీసుకపోయిన. దుకాణాయన మొదట చూపించింది వద్దన్న. రెండోది ఒట్టి గిన్నె ఉన్నది. మూడోదానికి గిన్నె మీద పలచటి తోలు బిగించినట్టు ఉంది. అది నాకు నచ్చింది, నచ్చలేదన్నట్టు గోడ దిక్కు చూసిన. నడిపించి చూపించమని అడగడానికి నోరు రాక, మెడలో వేసుకొని నేనే దుకాణంలో అటూ ఇటూ నడిచిన. "ఎవరి దగ్గర ఉండేది, ఎందుకు వదులుకున్నారు?" అని అడిగితే దుకాణాయన, "పెట్టె ఇప్పుడే విప్పానమ్మా" అని నెత్తి కొట్టుకున్నాడు.

వినిపిస్తుందో లేదో చూడాలి కదా, దుకాణాయన రొమ్ము మీదే పెట్టి చూసిన. అది పెట్టి ఉంచే బేరం చేసిన. "ఇదే కడపటి ధర" అన్నప్పుడల్లా ఆయన గుండె దడదడమంది. అంటే కడపటి ధర కాదన్నమాట. నేను తగ్గించమన్న. నాలుగో సారి "ఇదే కడపటిది" అన్నప్పుడు గుండె నిమ్మళంగా కొట్టుకుంది. అప్పుడు కొన్న. ఇంతసేపూ యాదలక్ష్మి ఎంత నిజంగా గుంజిందంటే నా కొంగు చిరిగింది.

సంతోషం మూడు రోజులే. అందరమూ అదే దుకాణంలో అదే రకం కొన్నాం కాబట్టి ఇరవై రెండూ ఒక్క తీరే, అదే నల్ల రబ్బరు, అదే తెల్ల గిన్నె. వార్డు బయట గోడకు వరుసగా మొలలున్నాయి, వాటికి తగిలిస్తాం. తిరిగి వచ్చేసరికి నా మొల మీద ఇంకెవరిదో ఉంటుంది. మొన్న నాది యాదలక్ష్మి మెడలో దొరికింది. నిన్న ఎవరిదో నా దగ్గరికి వచ్చింది, ఒక చెవిలో నిలవదు. ఈ రోజు మా ఇద్దరివీ లేవు. సాయంత్రం దాకా వెతికి పట్టుకున్న. పరీక్ష రోజు ఇట్లా అయితే నా గతేంటి? నీ మందలో ఎన్నో నల్ల గొర్రెలున్నాయి, నీవి నువ్వు ఎట్లా పోల్చుకుంటవు?

ఇట్లు,
మొలల కాడ కాపలా ఉంటున్న
అండాలు

తా.క. నోరు తెరిపించి చూడమన్నవు. దీనికి నోరు లేదు తాతా. మేము బయటికి వచ్చేదాకా దుకాణాయన నోరు మాత్రం తెరిచే ఉంది.


దొడ్లపాడు,
జులై 31

బేరంల తాతను మించిన అండాలుకు గాలయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి మస్తు నవ్విన. గుండె మీద చెయ్యి పెట్టి బేరం చేసుడు నాకు ఇన్నేండ్లు తట్టలే. వచ్చే అంగడికి నువ్వు నా వెంబడి రావాలె.

ఎట్ల పోల్చుకుంటవని అడిగినవు. గుర్తు పెట్టకుండ మందను ఎవడన్న బయటికి తోలుతడా? తప్పు నీదే. మన ఇంటి గుర్తు నువ్వు నడక నేర్చిన నాటి సంది చూస్తున్నదే. కుడి చెవి కొనకాడ బొటనవేలి గోరంత కోత, నెలవంక తీరు. మా తాత పెట్టిన గుర్తు. నార్కట్‌పల్లి సంది మూసీ ఒడ్డు దాక ఆ కోత చూస్తే ఎవ్వడు చెయ్యి వెయ్యడు. మన గుర్తున్నది ఎక్కడున్నా మనదే.

స్టెతస్కోపుకు చెవుల కాడికి పొయ్యే కొసలు రెండున్నయని నువ్వే రాసినవు. కుడి కొసకు కొయ్యి. పొద్దుగాల కొయ్యాలె, కత్తిని మంట మీద కాల్చి సల్లార్చి ఒక్క దెబ్బతోని కొయ్యాలె. జాలి పడితే చెయ్యి వణికి కోత వంకర పోతది. కోసినంక నిన్ను మోసం చెయ్యనీకి ఇరవై ఒక్క మంది కాదు, పట్నమంత కలిసినా చాతగాదు.

ఇట్లు,
ఇంతవరకు ఒక్క గొర్రెను పోగొట్టుకోని
గాలయ్య

తా.క. కోసిన కాడ పసుపు పెట్టుమని రాయమన్నది మీ అవ్వ, లేకుంటే పుండు పడుతదట. రబ్బరుకు గదంత అవసరం లేదనిపిస్తది. అయినా పెట్టు, పెడితే పోయేదేమున్నది.


హైదరాబాదు,
ఆగస్టు 12

తాతకు అండాలు రాసేది. ఈసారి దండం పెట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించి పెడుతున్న.

నువ్వు చెప్పినట్టే చేసిన. వంటింట్లో కత్తి అడిగి, కాల్చి, చల్లార్చి, కుడి గొట్టానికి నెలవంక కోసిన. పసుపు కూడా పెట్టిన. రెండేళ్ళు చదువుకున్నదాన్ని, నాకైనా తట్టాలి. కానీ చిన్నప్పటి నుంచి చూసిన కోత కదా, చేయి తానే పోయింది. కోసినంక చూసుకొని ఎంత మురిసిపోయిననో! ఇల్లు చూసినట్టు అనిపించింది.

పది గంటలకు వార్డులో ఏడో మంచం లచ్చయ్యను చూడమన్నారు. ఆయనది చిట్యాల, కాలికి దెబ్బ తగిలి వచ్చినాయన. స్టెతస్కోపు పెట్టిన. చప్పుడు లేదు. అటు జరిపిన, ఇటు జరిపిన. సుయ్యిమని గాలి వస్తుంది గాని గుండె కొట్టుకోవడం లేదు. ఆయన నన్నే చూస్తూ "ఏమైంది బిడ్డా?" అన్నాడు. "ఏం లేదు పెదనాయినా, కదలకు" అని చెప్పి పరుగెత్తిన. "ఏడో మంచం గుండె ఆగిపోయింది!" అని వరండా అంతా వినపడేటట్టు అరిచిన. మేట్రనమ్మ ఉరికొచ్చింది. ఇద్దరు డాక్టర్లు సూదిమందు పట్టుకొని ఉరికొచ్చారు. వచ్చేసరికి లచ్చయ్య లేచి కూర్చొని, "నా చాయ ఇంకా రాలే" అంటున్నాడు.

మేట్రనమ్మ నా స్టెతస్కోపు తీసి కళ్ళ దగ్గర పెట్టుకొని చూసింది. "దీన్ని ఎవరు కొరికారు?" అంది. "కొరకలేదమ్మా, మా ఇంటి గుర్తు" అన్న. ఆమె, గొట్టానికి చిల్లు పడితే చప్పుడంతా బయటికి పోతుందని, మొదటి నెల పిల్లకు కూడా ఇది తెలుసునని, ఇంకొక్క పిచ్చి పని చేస్తే పరీక్షకు నా పేరు పంపనని చెప్పింది. అంత మెల్లగా చెప్పింది తాతా, అరిచినా బాగుండేది.

దవాఖాన ఎదురుగా సైకిళ్ళకు పంచరు వేసే ఐలేశం ఉన్నాడు. ఆయన కోసిన చోట ఎర్ర రబ్బరు ముక్క అతికించాడు. ఇప్పుడు చప్పుడు బాగానే వినిపిస్తుంది.

ఇట్లు,
పంచరు వేయించుకున్న
అండాలు

తా.క. లచ్చయ్య కాలు మానింది గాని ఇంటికి పోతలేడు. "గుండె ఆగినంక బతికినోన్ని" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు, వాళ్ళు పండ్లు తెచ్చి పెడుతున్నారు. గొర్రెల బేరం చేస్తాడట. నీ పేరు చెప్తే అటు తిరిగి పడుకున్నాడు.


దొడ్లపాడు,
ఆగస్టు 22

అండాలుకు తాత రాసేది.

తప్పు నాది బిడ్డా. నా ఎనుక ఇంత మంది గొర్లకాపర్లు నడుస్తరని గర్వం. చూడని జీవానికి చెవి కొయ్యమని చెప్పిన. నీ ఉత్తరం మూడు సార్లు చదివిన, మెల్లగనే చదివిన. నీ చదువుకు ఏమన్న అయితే నేను మీ నాయిన మొకం ఎట్ల చూస్త?

కోత పనికి రాదన్నంక వేరే గుర్తు ఆలోచన చేసిన. పాలు తాగే పిల్లకు చెవి కొయ్యం, మెడకు దారం కడుతం. మీ అవ్వ నల్ల గొర్రె ఉన్నితోని దారం పేనింది. దానికి జాజు అద్దిన ఎర్ర ముడులు మూడేసింది. ఇది మన ఇంటి దారం, ఇంకెవ్వరు గిట్ల ముడెయ్యరు. మూటల పెట్టి నకిరేకల్ బస్సుకు కండక్టరు దుర్గయ్య చేతుల పంపుతున్న. గొట్టానికి కట్టుకో. గాలి పోదు, చిల్లు పడది. మూట కట్టుకుంట మీ అవ్వ ఏదో చెప్తాంది, నేను ఊ కొట్టిన. ఏ పని చేసినా ఆమెకు చెప్పేది ఉంటనే ఉంటది.

ఇట్లు,
ఇంకెప్పుడు చూడనిదానికి సలహా చెప్పని
గాలయ్య

తా.క. ఆ ఏడో మంచం లచ్చయ్య నాకెరికే. పండ్లూడిన పొట్టేలును పడుచుదని నాకు అంటగట్టినోడు. ఆయనకు గుండె లేదని నేను ఇరవై ఏండ్ల సంది చెప్తున్న, డాక్టర్లకు ఇప్పుడు తెలిసింది.


హైదరాబాదు,
సెప్టెంబరు 20

తాతా, అవ్వా, దండాలు. ఈ ఉత్తరం గట్టిగా చదవకు తాతా. ముందే రాస్తున్న.

మూట అందింది. ఒక్క దారం పంపిన అన్నవు. విప్పితే ఇరవై మూడున్నాయి! అవ్వ అందరు పిల్లలకూ ఒక్కొక్కటి, మేట్రనమ్మకు ఒకటి పేనినట్టుంది. ఒక్కదానికి పంపితే మిగిలిన పిల్లలు చిన్నబోతారనుకుందేమో, అవ్వ మనసు నాకు తెలుసు. అందరికీ ఎంత నచ్చినయంటే, అంతకుముందు కట్టుకున్న రిబ్బన్లు, పేరు చీటీలు తీసేసి అందరూ ఇవే కట్టుకున్నారు. ఇప్పుడు ఇరవై రెండింటికీ నల్లదారం, మూడు ఎర్ర ముడులు. మళ్ళీ మొదటికి వచ్చినం. నాది ఐలేశం అతుకుతో దూరం నుంచే తెలుస్తుంది గాని మిగిలినవాళ్ళు రోజూ కొట్లాడుకుంటున్నారు. మేట్రనమ్మ కూడా తనదానికి కట్టుకుంది. కట్టుకుంటూ నవ్వింది. ఆమె పండ్లు మేము చూడడం అదే మొదటిసారి.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్న. పదిహేనో తారీకు నుంచి మేట్రనమ్మ స్టెతస్కోపు కనబడడం లేదు. ఆమె గదిలో బల్ల మీద పెట్టిందట. అది ఆమె మొదటి ఉద్యోగం నాడు వాళ్ళ నాయిన కొనిచ్చింది. మా ట్రంకు పెట్టెలన్నీ వెతికారు. దొరకలేదు. దొరికేదాకా మూడో ఏడు పిల్లల్లో ఒక్కరి పేరు కూడా పరీక్షకు పంపనన్నది. నెలాఖరు దాకే గడువు. అందరూ నా దిక్కే చూస్తున్నారు, ఎందుకంటే ఇంతకుముందు పిచ్చి పని చేసింది నేనే, దారాలు తెప్పించింది నేనే. యాదగిరి నర్సింహస్వామి మీద ఒట్టు పెట్టిన. ఒట్టు పెట్టినకొద్దీ ఇంకా చూస్తున్నారు.

ఇంకొక మాట. అదే రోజు నువ్వు వచ్చినవటగా? వాచ్‌మన్ భిక్షం చెప్పాడు, "గొంగడి కప్పుకున్న పెద్దాయన నీ కోసం వస్తే మేట్రనమ్మ గదిలో కూర్చోబెట్టిన, నువ్వు క్లాసులో ఉన్నవు, ఆయన కాసేపటికే లేచి పోయిండు, వెనుక నుంచి ఎంత పిలిచినా తిరిగి చూడలేదు" అని. అంత దూరం వచ్చి నన్ను చూడకుండా ఎందుకు పోయినవు? నాకు మస్తు బాధైంది.

ఇట్లు,
ఏ తప్పూ చేయని
అండాలు

తా.క. తీసినవాళ్ళను యాదలక్ష్మి పూటకొకసారి తిడుతుంది. ఆ తిట్లు కాగితం మీద పెట్టేవి కావు. దొంగకు ఈపాటికి ఎక్కిళ్ళు వస్తుండాలి.


దొడ్లపాడు,
సెప్టెంబరు 24

అండాలుకు తాత గాలయ్య రాసేది. ఇది నోట్లనే చదువుకో.

మేట్రనమ్మ స్టెతస్కోపు నా కాడ ఉన్నది.

ఆ దినం నువ్వు దారం సరిగ్గ కట్టినవో లేదో చూద్దామని వచ్చిన. భిక్షం నన్ను ఆ గదిల కూసోబెట్టి పోయిండు. బల్ల మీద స్టెతస్కోపు, దానికి మన దారం, మూడు ముడులు. నేను పంపింది ఒక్కటే అనుకుంటున్న. మీ అవ్వ ఎన్ని పెట్టిందో నాకేం తెలుసు? మేట్రనమ్మ నీదాన్ని గుంజుకొని దాచిపెట్టిందనుకున్న. మన గుర్తున్న గొర్రె ఇంకొకరి మందల కనపడితే కొట్లాడొద్దు, సప్పుడు చెయ్యక తోలుకొచ్చుకోవాలె, పది దినాలు మన దొడ్లె పెట్టుకోవాలె. తప్పు చేసినోడే ఎనుకొచ్చి మాట్లాడుతడు. మా తాత నాటి సంది గిదే తీరు. గొంగట్ల పెట్టుకొని బస్సెక్కిన. నీకిస్తే నీ మీదికి వస్తదని చూడకుండనే వచ్చిన.

చిట్యాల దాటినంక గొంగట్లకెళ్ళి తీసి చూసిన. ఎర్ర అతుకు లేదు. అప్పుడు యాదికొచ్చింది నువ్వు రాసింది. ఆడనే దిగి ఎనుకకు మళ్ళాల్సి ఉండె. దిగలే. అది నా తప్పు, దానికి ఏ తాత కాలం నాటి తీరును అడ్డం పెట్టుకోను.

ఎందుకు దిగలేదో ఒక్క నీకే చెప్తున్న. రెండేండ్ల సంది నాకు చెవులు సరిగ్గ వినపడతలేవు బిడ్డా. ఎరుకున్నోళ్ళు గట్టిగ అంటెనే మాట అందుతాంది. గొర్రె డొక్కకు చెవి ఆనిస్తే బండకు ఆనిచ్చినట్టున్నది. లోపల ఒక్క పిల్లనా రెండా అని అడుగుతరు, నేను పొట్ట చూసి అంచనా మీద చెప్తున్న. మూడు సార్లు తప్పినయి. గాలయ్యకు చేతకాదన్న మాట పడొద్దని ఎవ్వరికి చెప్పలే, మీ అవ్వకు సుత చెప్పలే. ఆ బస్సుల స్టెతస్కోపు చేతుల పట్టుకొని, ఒక్కసారి, ఒకే ఒక్కసారి మన చుక్కగొర్రె మీద పెట్టి చూసి రేపే ఎనుకకు ఇద్దామనుకున్న. పెట్టిన. తల్లి గుండె ఒకటి, దాని కింద రెండు చిన్న గుండెలు. ఉరుకుతున్నట్టు కొట్టుకుంటున్నయి. ఇయ్యలేకపోయిన. మొన్న ఒకటి విన్న, నిన్న ఒకటి విన్న. ఈడ నేను సంతోషపడ్డన్ని దినాలు ఆడ నువ్వు మాట పడ్డవు.

ఎల్లుండి మొదటి బస్సుకు వస్తున్న. నేనే ఇస్త, నా నోటితోనే చెప్త. పోలీసులకు చెప్పుకుంటే చెప్పుకోని. నువ్వు నన్ను ఎరగనట్టు ఉండు. నా వల్ల నీ పేరు పోవద్దు.

ఇట్లు,
గాలయ్య

తా.క. ఎక్కిళ్ళు మంగళవారం సంది వస్తున్నయి. ఆ పిల్లకు చెప్పు, ఇగ చాలని.


హైదరాబాదు,
అక్టోబరు 12

తాతా! పాసైన! ఇరవై ఇద్దరిలో మూడోదాన్ని. కార్డులో జాగా తక్కువ, సంతోషం ఎక్కువ.

రోగి రక్తపోటు సరిగ్గా చెప్పిన. ఐలేశం అతుకు చూసి పరీక్షకు వచ్చిన డాక్టరు, "ఇది సైకిలా, స్టెతస్కోపా?" అన్నాడు. మేట్రనమ్మే నా తరఫున "వాళ్ళ ఇంటి గుర్తు" అని చెప్పింది.

ఆ రోజు గదిలోపల అరగంట ఏం జరిగింది? నువ్వు స్టెతస్కోపు పట్టుకొని లోపలికి పోయినవు, తలుపు వేసుకున్నారు, ఆమె అరుపులు వినిపించినయి. తర్వాత చప్పుడు లేదు. తర్వాత ఆమె నవ్వుతూ బయటికొచ్చి, "రేపు మీ పేర్లు పంపుతున్నాను" అంది. నువ్వు నా తల మీద చెయ్యి పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా బస్సు కోసం పోయినవు. అడిగితే ఆమె చెప్పదు. నువ్వన్నా చెప్పు.

ఇట్లు,
త్వరలో నర్సమ్మ కాబోయే
అండాలు

తా.క. నిన్ను ఎరగనట్టు ఉండమన్నవు. అది నాతో కాలేదు.


దొడ్లపాడు,
అక్టోబరు 17

నర్సమ్మ అండాలుకు తాత గాలయ్య దండం. ఈసారి నేనే పెడుతున్న.

నీ కార్డు మీ నాయిన చేతికి ఇచ్చిన. ఆయన రెండు దిక్కుల తిప్పి చూసి, "మిగిలిన చదువు ఎప్పటికి ఐతదట?" అన్నడు. ఆపుతనన్న మాట ఎత్తలే. ఇగ నీకు భయం లేదు.

లోపల ఏమైందో చెప్త. స్టెతస్కోపు బల్ల మీద పెట్టి, నేనే తీసిన అని చెప్పిన. ఆమె లేసి నిలబడి తిట్టుడు షురూ చేసింది. చేతులు ఊపుతాంది, మొకం ఎర్రగైంది. నాకు ఒక్క ముక్క వినపడలే. తప్పు చేసినోన్ని, ఎదురు మాట్లాడొద్దని తల ఊపుకుంట చిన్నగ నవ్వుకుంట నిలబడ్డ. నేను నవ్వినకొద్ది ఆమెకు కోపం పెరుగుతాంది. ఎందుకు తీసుకపోయినవు అని అడిగిందట, నేను నకిరేకల్‌ల ఎక్కిన అని చెప్పిన. అప్పుడు ఆమె ఆగింది. నా ఎనుకకు పోయి చప్పట్లు కొట్టింది. నేను తిరగలే. నన్ను స్టూలు మీద కూసోబెట్టి బ్యాటరీ లైటు వేసి చెవులల్ల చూసింది. చూసి "అయ్యో రామా" అన్నట్టు మొకం పెట్టింది.

గోరువెచ్చని నీళ్ళు పిచికారిల పోసి కొట్టింది. ఒక్కొక్క చెవిలకెళ్ళి రేగుపండంత గులిమి ముద్ద ఊడి పడ్డది, దాని నిండ గొర్రె ఉన్ని. నలభై ఏండ్లు డొక్కలకు చెవి ఆనిచ్చిన, ఒక్కొక్క పోగే లోపలికి పోయి కూసున్నదట. నేను చెవుడు వచ్చిందని ఏడ్చిన, లోపల గొంగడి నేస్తున్నట్టు ఎరుక లేకపాయె. ఆమె ఆ ముద్దలను చూసి పొట్ట పట్టుకొని నవ్వింది. అందుకే నవ్వుకుంట బయటికి వచ్చింది.

నేను మాట్లాడకుండ ఎందుకు పోయిన అని అడిగినవు. రెండో చెవిల నీళ్ళు కారంగనే తలుపు అవతలకెళ్ళి ఒక మాట వినపడ్డది. నువ్వు ఎవరితోనో ఏడ్చుకుంట కొట్లాడుతున్నవు. "మా తాత దొంగ కాదు. నా పేరు పంపకున్నా మంచిదే, మా తాతను ఇంకొక్క మాట అంటే ఊకోను" అన్నవు. రెండేండ్లకు నాకు సాఫుగ వినపడ్డ మొదటి మాట అది బిడ్డా. నీ చదువు కోసం ఎంత గోస పడ్డవో నాకు ఎరుకే, దాన్ని నా కోసం వదులుకుంటనన్నవు. నోరు తెరిస్తే ఏడుపొస్తదని బస్సు కాడికి నడిచిన. నార్కట్‌పల్లి దాక ఏడుస్తనే ఉన్న. పక్క సీటాయన ఎవరు పోయిండ్రు అని అడిగిండు. ఎవ్వరు పోలే, నా మనుమరాలు ఉన్నది అని చెప్పిన.

మొన్న చుక్కగొర్రె ఈనింది. రెండు పిల్లలు.

ఇట్లు,
అన్నీ వినపడుతున్న నీ తాత,
గాలయ్య

తా.క. చెవులు బాగైన సంగతి మీ అవ్వకు నాలుగు రోజులు చెప్పలే. రెండేండ్ల సంది నా ఎదురుంగ కూసొని నన్ను ఏమేం అంటున్నదో ఆ నాలుగు రోజులల్ల అంత విన్న, వాళ్ళ అన్న కాలి గోటికి నేను సరిపోనట. ఐదో నాడు అన్నం కాడ, "మీ అన్న కంటే నేనే నయం గదా సైదమ్మా" అన్న. ఆమె చేతులకెళ్ళి గంటె కింద పడ్డది. ఆ దినం సంది నా పళ్ళెంల రెండు పూటలు నెయ్యి పడుతాంది.